ప్రమాణాలు స్థిరపడకముందే కొనుగోలు: గృహ వినోద సాధనాలు – వినియోగదారుని నష్టభయం

6.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:

• సాంకేతిక ప్రమాణం అంటే ఏమిటో, అది ఎన్ని విధాలుగా ఏర్పడుతుందో చెప్పగలుగుతారు.
• పూరక వస్తువులు, నెట్‌వర్క్ ప్రభావం అనే భావనలను గృహ వినోద సాధనాలకు అన్వయించగలుగుతారు.
• బీటామాక్స్ – వీహెచ్‌ఎస్, హెచ్‌డీ డీవీడీ – బ్లూ-రే పోటీలలో వినియోగదారుడు ఎలా నష్టపోయాడో వివరించగలుగుతారు.
• ఇప్పుడే కొనాలా, ఆగి కొనాలా అన్నది లెక్క వేసి నిర్ణయించుకోగలుగుతారు.

6.1 పరిచయం

ఇంట్లోకి ఒక వస్తువు కొనేటప్పుడు మనం సాధారణంగా మూడు విషయాలు చూస్తాం: ధర ఎంత, నాణ్యత ఎలా ఉంది, ఎన్నాళ్లు మన్నుతుంది. మిక్సీ, ఫ్యాను, ఇస్త్రీపెట్టె వంటివాటికి ఈ మూడూ చాలు. పక్కింటివారు వేరే కంపెనీ మిక్సీ కొన్నంత మాత్రాన మన మిక్సీలో పచ్చడి నలగడం ఆగదు. సినిమాలు చూసే, పాటలు వినే సాధనాల సంగతి వేరు. వాటిలో వేయడానికి క్యాసెట్టో, డిస్కో, ప్రసారమో బయటినుంచి రావాలి. అది రావడం ఆగిపోతే, యంత్రం చెక్కుచెదరకపోయినా మనకు పనికిరాదు.

ఇలా జరగడం అరుదేమీ కాదు. 2008 ఫిబ్రవరి 19న జపాన్‌కు చెందిన తోషిబా సంస్థ హెచ్‌డీ డీవీడీ యంత్రాల తయారీని, అభివృద్ధిని విరమించుకుంటున్నట్లు ప్రకటించింది. అప్పటికి రెండేళ్ల లోపే ఆ యంత్రాలు లక్షల ఇళ్లకు చేరాయి. ఆ రోజు వాటిలో ఒక్కటి కూడా చెడిపోలేదు. కానీ వాటి కోసం కొత్త సినిమాలు రావడం కొద్ది నెలల్లోనే నిలిచిపోయింది. వస్తువు బాగానే ఉండి, దాని విలువ పోవడం అంటే ఇదే.

మధ్యతరగతి కుటుంబానికి పెద్ద టీవీ అంటే కొన్ని నెలల పొదుపు. చాలామంది వాయిదాల మీద కొంటారు. వాయిదాలు పూర్తి కాకముందే వస్తువు వెనకబడిపోతే, వాడని దానికి డబ్బు కట్టవలసి వస్తుంది. అందుచేత ఈ నష్టభయాన్ని ముందుగా గుర్తించడం నేర్చుకోవాలి.

6.2 ప్రమాణం అంటే ఏమిటి?

వేర్వేరు సంస్థలు తయారుచేసిన వస్తువులు ఒకదానితో ఒకటి కలిసి పనిచేయడానికి అందరూ పాటించే కొలతలు, నియమాల సముదాయాన్ని సాంకేతిక ప్రమాణం అంటారు. బల్బుకూ హోల్డరుకూ మధ్య ఉన్న పొందిక ఇలాంటిదే. గృహ వినోద సాధనాల విషయంలో డిస్కు పరిమాణం, దాని మీద సమాచారం రాసే పద్ధతి, యంత్రాన్ని టీవీకి కలిపే తీగ, నకలు తీయకుండా వేసే తాళం – ఇవన్నీ ప్రమాణాల పరిధిలోకి వస్తాయి.

ప్రమాణాలు ముఖ్యంగా మూడు విధాలుగా ఏర్పడతాయి.

(అ) ప్రభుత్వ నిర్ణయం: టీవీ ప్రసారాల పద్ధతిని సాధారణంగా ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 1982లో మన దేశంలో రంగుల ప్రసారాలు ప్రారంభమైనప్పుడు పాల్ పద్ధతిని ఎంచుకున్నారు.

(ఆ) సంస్థల మధ్య ముందస్తు ఒప్పందం: ఫిలిప్స్, సోనీ సంస్థలు 1980లో కాంపాక్ట్ డిస్కు ప్రమాణాన్ని కలిసి రూపొందించి, 1982లో దానిని మార్కెట్టుకు తెచ్చాయి.

(ఇ) మార్కెట్టు పోటీ: ఒప్పందం కుదరనప్పుడు రెండు మూడు పద్ధతులు ఒకేసారి అమ్మకానికి వస్తాయి. కొనుగోలుదార్లు, సినిమా సంస్థలు, దుకాణాలు కలిసి చివరికి ఒకదానిని నిలబెడతాయి.

మూడో పద్ధతిలోనే వినియోగదారునికి నష్టభయం ఎక్కువ. ఆ పోటీ ఖర్చులో కొంత భాగాన్ని తొలి కొనుగోలుదార్లే మోస్తారు. అయితే ప్రభుత్వ ముద్ర ఉన్నంత మాత్రాన భద్రత ఉంటుందనీ చెప్పలేం. అమెరికాలో సీబీఎస్ సంస్థ రూపొందించిన రంగుల టీవీ పద్ధతికి 1950లో అధికారిక ఆమోదం లభించింది. 1951 జూన్‌లో ప్రసారాలు మొదలై, అదే ఏడాది అక్టోబరులో ఆగిపోయాయి. అప్పటికే ఇళ్లలో ఉన్న నలుపు-తెలుపు టీవీలు ఆ ప్రసారాలను నేరుగా చూపలేకపోవడం దాని ప్రధాన బలహీనత. 1953 డిసెంబరులో ఆమోదం పొందిన ఎన్‌టీఎస్‌సీ రంగుల పద్ధతికి ఆ చిక్కు లేదు. కొత్త ప్రసారం పాత టీవీలో నలుపు-తెలుపులో కనిపించేది. కొత్త పద్ధతి పాత సాధనాలను కలుపుకొనిపోయే ఈ గుణాన్ని ‘పాతవాటితో పొందిక’ అందాం. ఈ పాఠంలో ఇది మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

6.3 పూరక వస్తువులు – నెట్‌వర్క్ ప్రభావం

కారు, పెట్రోలు పూరక వస్తువులని సూక్ష్మ అర్థశాస్త్రంలో మీరు చదివారు. ఒకటి లేకుండా రెండోదానికి ఉపయోగం లేదు. డిస్కు ప్లేయరుకు పూరక వస్తువు డిస్కు. పెట్రోలు విషయంలో ఒక బంకు మూతపడితే మరో బంకు ఉంటుంది. డిస్కు విషయంలో ఆ పద్ధతి మూతపడితే ప్రపంచమంతటా ఒకేసారి మూతపడుతుంది.

ఇక్కడ మరో భావన అవసరం. టెలిఫోను ఒక్కరికే ఉంటే దాని విలువ సున్న. పది మందికి ఉంటే కొంత, ఊరంతా ఉంటే ఎంతో. ఒక వస్తువును వాడేవారి సంఖ్య పెరిగేకొద్దీ ప్రతి వాడకందారుకూ దాని విలువ పెరగడాన్ని నెట్‌వర్క్ ప్రభావం అంటారు. మైకేల్ కాట్జ్, కార్ల్ షపీరో అనే ఆర్థికవేత్తలు 1985లో ప్రచురించిన పరిశోధనలో ఈ విషయాన్ని విశ్లేషించారు. వీడియో యంత్రాలలో ఈ ప్రభావం పరోక్షంగా పనిచేస్తుంది. ఒక రకం యంత్రాలు ఎక్కువ ఇళ్లలో ఉంటే, అద్దె దుకాణాలు ఆ రకం క్యాసెట్లనే ఎక్కువగా తెస్తాయి. క్యాసెట్లు ఎక్కువ దొరకడం వల్ల కొత్తవారు కూడా ఆ యంత్రమే కొంటారు. ముందున్నది మరింత ముందుకు వెళ్తుంది, వెనకబడినది మరింత వెనకబడుతుంది.

దీనినుంచి రెండు ఫలితాలు వస్తాయి. ఒకటి, సాంకేతికంగా మెరుగైనదే గెలుస్తుందన్న హామీ లేదు. రెండు, గెలుపు ఒకవైపు మొగ్గిన తర్వాత పతనం చాలా వేగంగా జరుగుతుంది. ఓడిపోతున్న పక్షం నుంచి బయటపడడానికి వినియోగదారునికి వ్యవధి దొరకదు.

6.4 మొదటి ఉదాహరణ: బీటామాక్స్ – వీహెచ్‌ఎస్

సోనీ సంస్థ 1975లో బీటామాక్స్ వీడియో రికార్డరును తెచ్చింది. మరుసటి ఏడాది జేవీసీ సంస్థ వీహెచ్‌ఎస్‌ను తెచ్చింది. రెండింటిలోనూ అర అంగుళం వెడల్పున్న టేపే ఉండేది. కానీ క్యాసెట్టు పరిమాణం, రికార్డు చేసే విధానం వేరు. ఒకదాని క్యాసెట్టు మరోదానిలో పట్టదు.

చిత్ర నాణ్యతలో బీటామాక్స్ కొంత మెరుగని చాలామంది భావించారు. కానీ తొలి బీటామాక్స్ క్యాసెట్టు ఒక గంటే నడిచేది, వీహెచ్‌ఎస్ రెండు గంటలు. సినిమా మొత్తం ఒకే క్యాసెట్టులో పట్టాలనుకునేవారికి ఈ తేడా చాలా ముఖ్యం. పైగా జేవీసీ తన పద్ధతిని ఇతర తయారీదార్లకు ధారాళంగా ఇచ్చింది. మత్సుషిత, హిటాచీ, షార్ప్ వంటి సంస్థలు వీహెచ్‌ఎస్ యంత్రాలు తయారుచేశాయి. తయారీదార్లు పెరగడంతో ధరలు తగ్గాయి, ధరలు తగ్గడంతో ఇళ్ల సంఖ్య పెరిగింది. 1988లో సోనీ కూడా వీహెచ్‌ఎస్ యంత్రాల తయారీకి దిగింది. పోటీ అక్కడితో ముగిసింది.

అయినా సోనీ బీటామాక్స్ రికార్డర్ల తయారీని 2002 వరకూ, క్యాసెట్ల అమ్మకాన్ని 2016 వరకూ కొనసాగించింది. ఖాళీ క్యాసెట్లు దొరికేవి, యంత్రాలు నడిచేవి. కానీ అద్దెకు కొత్త సినిమాలు దొరకనప్పుడు యజమానికి మిగిలింది సగం ప్రయోజనమే.

గెలిచిన వీహెచ్‌ఎస్ కూడా శాశ్వతం కాలేదు. ప్రపంచంలో చిట్టచివరి వీసీఆర్ తయారీదారైన జపాన్ సంస్థ ఫునాయ్ 2016 జూలైలో ఉత్పత్తి ఆపేసింది. 1980, 90 దశకాలలో మన ఇళ్లలో జరిగిన పెళ్లిళ్ల క్యాసెట్లు చాలావరకు వీహెచ్‌ఎస్‌లోనే ఉన్నాయి. సినిమా మళ్లీ మరో రూపంలో దొరుకుతుంది, అమ్మమ్మ అక్షింతలు వేస్తున్న దృశ్యం దొరకదు. టేపు కాలంతోపాటు క్షీణిస్తుంది, ఆడించే యంత్రాలూ తగ్గిపోతున్నాయి. అందువల్ల అటువంటి క్యాసెట్లు మీ ఇంట్లో ఉంటే వాటిని డిజిటల్ రూపంలోకి మార్పించి, రెండు వేర్వేరు చోట్ల భద్రపరచండి.

మీ ప్రగతిని తెలుసుకోండి – 1
1. నెట్‌వర్క్ ప్రభావం అంటే ఏమిటి?
2. వీహెచ్‌ఎస్ గెలుపునకు తోడ్పడిన రెండు కారణాలు రాయండి.

6.5 రెండో ఉదాహరణ: హెచ్‌డీ డీవీడీ – బ్లూ-రే

డీవీడీ కంటే స్పష్టమైన చిత్రాన్ని ఇచ్చే డిస్కు కోసం రెండు కూటములు పోటీపడ్డాయి. తోషిబా నాయకత్వంలోనిది హెచ్‌డీ డీవీడీ. సోనీ, పానసోనిక్, ఫిలిప్స్ తదితర సంస్థలది బ్లూ-రే. రెండూ నీలి-ఊదా రంగు లేజరునే వాడాయి, రెండు డిస్కుల వ్యాసమూ 12 సెంటీమీటర్లే. తేడా లోపల ఉంది. హెచ్‌డీ డీవీడీలో సమాచార పొర ఉపరితలం నుంచి 0.6 మిల్లీమీటర్ల లోతున, డీవీడీలో ఉన్నట్లే ఉంటుంది. బ్లూ-రేలో అది 0.1 మిల్లీమీటరు లోతునే ఉంటుంది. అందువల్ల బ్లూ-రేలో లేజరు కిరణాన్ని మరింత సన్నగా కేంద్రీకరించవచ్చు. ఒక్కో పొరలో బ్లూ-రే 25 గిగాబైట్లు, హెచ్‌డీ డీవీడీ 15 గిగాబైట్లు పట్టేవి. హెచ్‌డీ డీవీడీని పాత డీవీడీ కర్మాగారాలలోనే కొద్ది మార్పులతో తయారుచేయవచ్చు. ఒకదానికి సామర్థ్యం బలం, మరోదానికి తయారీ ఖర్చు బలం.

2006లో రెండూ అమెరికా మార్కెట్టులోకి వచ్చాయి. తోషిబా తొలి యంత్రాలలో చవకదాని ధర 499 డాలర్లు. శామ్‌సంగ్ తెచ్చిన తొలి బ్లూ-రే యంత్రం ధర 999 డాలర్లు. ధరకంటే పెద్ద చిక్కు సినిమాలది. యూనివర్సల్ సినిమాలు హెచ్‌డీ డీవీడీలో మాత్రమే, డిస్నీ, ఫాక్స్, సోనీ సినిమాలు బ్లూ-రేలో మాత్రమే వచ్చేవి. వార్నర్ బ్రదర్స్ రెండింటిలోనూ ఇచ్చింది. పారామౌంట్ కూడా మొదట రెండింటిలో ఇచ్చి, 2007 ఆగస్టులో హెచ్‌డీ డీవీడీ వైపు వెళ్లింది. ఏ ఒక్క యంత్రం కొన్నా సగం సినిమాలు చూడలేని పరిస్థితి ఏర్పడింది.

2007 నవంబరులో అమెరికాలోని వాల్‌మార్ట్ దుకాణాలలో ఒక హెచ్‌డీ డీవీడీ యంత్రాన్ని 100 డాలర్లలోపు ధరకు అమ్మారు. జనం ఎగబడి కొన్నారు. 2008 జనవరి 4న వార్నర్ బ్రదర్స్ ఇకపై బ్లూ-రేలో మాత్రమే సినిమాలు ఇస్తామని ప్రకటించింది. ఫిబ్రవరి రెండో వారంలో నెట్‌ఫ్లిక్స్, బెస్ట్ బై, వాల్‌మార్ట్ ఒకదాని తర్వాత ఒకటి అదే దారి పట్టాయి. ఫిబ్రవరి 19న తోషిబా తప్పుకుంది. వార్నర్ ప్రకటన నుంచి తోషిబా విరమణ వరకు గడిచిన కాలం ఏడు వారాలు కూడా లేదు.

ఇక్కడ మూడు విషయాలు గమనించండి.

ఒకటి, పోటీ సాగుతుండగా ధర హఠాత్తుగా పడిపోవడం వినియోగదారునికి వరంగా కనిపిస్తుంది. కానీ అమ్మేవాడు ఆ రోజు సంపాదించాలనుకున్నది లాభం కాదు, ఇళ్ల సంఖ్య. చవక ధర బలానికి కాక ఆతురతకు గుర్తు కావచ్చు.

రెండు, ఫలితాన్ని నిర్ణయించినది ఇళ్లలోని ప్రేక్షకులు మాత్రమే కాదు, సినిమా సంస్థలూ పెద్ద దుకాణాలూ. యంత్రం గురించి ఎన్ని సమీక్షలు చదివినా ఒక స్టూడియో ఏ వైపు మొగ్గుతుందో అందులో తెలియదు.

మూడు, హెచ్‌డీ డీవీడీ యంత్రాలు మామూలు డీవీడీలనూ ఆడించేవి. అందువల్ల కొన్నవారి డబ్బు పూర్తిగా వృథా కాలేదు. నష్టాన్ని తగ్గించినది పాతవాటితో పొందికే. కానీ ఆ పద్ధతిలో కొనిపెట్టుకున్న సినిమాల సేకరణను మాత్రం అది కాపాడలేదు.

6.6 గెలిచిన పక్షంలోనూ నష్టభయం

సరైన పక్షాన్ని ఎంచుకుంటే చాలని అనుకోవడం సరికాదు. గెలిచే ప్రమాణం కూడా మార్కెట్టుకు వచ్చిన రోజుకు పూర్తి కాకపోవచ్చు.

బ్లూ-రే ఇందుకు మంచి ఉదాహరణ. తొలి యంత్రాలు 1.0 స్థాయివి. తెరమీద చిన్న గడిలో రెండో చిత్రాన్ని చూపే సదుపాయం 1.1 స్థాయిలో, ఇంటర్నెట్‌తో అనుసంధానం 2.0 స్థాయిలో వచ్చాయి. తొలి యంత్రాలలో చాలావాటికి కావలసిన విడిభాగాలే లేవు కాబట్టి వాటిని ఆ స్థాయికి పెంచడం కుదరలేదు. వాటిలో సినిమా ఆడేది, అదనపు హంగులు రావు. అదే సమయంలో సోనీ ప్లేస్టేషన్ 3ను కొన్నవారు సాఫ్ట్‌వేర్ మార్పుతోనే ఆ సదుపాయాలు పొందారు. విచిత్రమేమంటే, ఓడిపోయిన హెచ్‌డీ డీవీడీ నియమావళిలో ఈ సదుపాయాలు మొదటినుంచీ తప్పనిసరి.

4కే టీవీలలోనూ ఇదే జరిగింది. 2012–13లో వచ్చిన తొలి 4కే టీవీలలో సాధారణంగా హెచ్‌డీఎంఐ 1.4 రకం ద్వారాలు ఉండేవి. వాటిగుండా 4కే చిత్రాలు సెకనుకు 30 వరకే వెళ్లగలవు. సెకనుకు 60 చిత్రాలు పంపగల హెచ్‌డీఎంఐ 2.0 ప్రమాణం 2013 సెప్టెంబరులో వెలువడింది. ఆ తర్వాత వచ్చిన 4కే పరికరాలు హెచ్‌డీసీపీ 2.2 అనే కొత్త నకలు నిరోధక తాళాన్ని కోరాయి. ఆ తాళాన్ని గుర్తించలేని టీవీకి, తెర ఎంత స్పష్టమైనదైనా, ఆ పరికరం 4కే చిత్రాన్ని ఇవ్వదు. అందరికంటే ముందు అత్యధిక ధర పెట్టినవారికే ఈ ఇబ్బంది ఎదురైంది.

3డీ టీవీల కథ ఇంకొక రకం. 2010లో అవి పెద్దఎత్తున మార్కెట్టుకు వచ్చినప్పుడు, ఒక కంపెనీ బ్యాటరీ కళ్లజోడు సాధారణంగా మరో కంపెనీ టీవీకి పనిచేసేది కాదు. 2011లో శామ్‌సంగ్, సోనీ, పానసోనిక్ ఉమ్మడి ప్రమాణానికి ముందుకొచ్చాయి. అయినా 2017 నాటికి ఎల్‌జీ, సోనీ కూడా 3డీ టీవీలకు స్వస్తి చెప్పాయి. ప్రమాణం కుదిరినా ఆదరణ లేకపోతే వస్తువు నిలవదు.

6.7 పోటీకి ముందే రాజీ: డీవీడీ

1995లో కొత్త వీడియో డిస్కు కోసం తోషిబా, టైమ్ వార్నర్ పక్షం ఒక పద్ధతిని, సోనీ, ఫిలిప్స్ పక్షం మరో పద్ధతిని సిద్ధం చేసుకున్నాయి. ఐబీఎం తదితర కంప్యూటరు సంస్థలు రెండు రకాలను ఒప్పుకోబోమని పట్టుబట్టాయి. రెండు పక్షాలూ 1995లోనే రాజీకి వచ్చాయి. 1996 నవంబరులో జపాన్‌లో, 1997లో అమెరికాలో డీవీడీ యంత్రాలు అమ్మకానికి వచ్చాయి. సినిమా డిస్కు ఒకటే కాబట్టి తొలిరోజునే ఏ కంపెనీ యంత్రం కొన్నా ఆ డిస్కులు ఆడేవి. పోటీ ధర మీద, నాణ్యత మీద జరిగింది, పొందిక మీద కాదు.

తగవు కంపెనీల గదులలో తీరితే ఖర్చు కంపెనీలది. దుకాణంలో తీరితే ఆ ఖర్చులో వినియోగదారునికీ వాటా ఉంటుంది.

6.8 మన అనుభవం

మన దేశంలో 625 గీతల పాల్ పద్ధతి, అమెరికాలో 525 గీతల ఎన్‌టీఎస్‌సీ పద్ధతి ఉండేవి. అమెరికాలో కొన్న మామూలు వీసీఆర్‌ను హైదరాబాదుకో విజయవాడకో తెస్తే అది దూరదర్శన్ ప్రసారాన్ని రికార్డు చేయలేదు. విద్యుత్తు కూడా అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. కువైట్, దుబాయ్ వంటి చోట్ల పాల్ పద్ధతే ఉండేది కాబట్టి గల్ఫ్ నుంచి తెచ్చుకున్నవారికి ఆ చిక్కు తక్కువ. డీవీడీలలో ఈ విభజనను కావాలనే పెట్టారు. అమెరికా డిస్కులు 1వ ప్రాంతానివి, మనవి 5వ ప్రాంతానివి. అక్కడి బంధువులు పంపిన డిస్కు ఇక్కడి ప్లేయరులో ఆడకపోవడానికి ఒక కారణం ఇదే.

డీటీహెచ్ పెట్టెల విషయం చూద్దాం. 2003లో వచ్చిన డిష్ టీవీ, 2006లో వచ్చిన టాటా స్కై ఎంపెగ్-2 పద్ధతితో ప్రారంభమయ్యాయి. 2007 చివర వచ్చిన సన్ డైరెక్ట్ ఎంపెగ్-4తో మొదలైంది. అంతే ఉపగ్రహ సామర్థ్యంలో ఎక్కువ చానళ్లు పట్టడం దీని లాభం. ఎంపెగ్-4 పెట్టె పాత ప్రసారాన్నీ అందుకోగలదు గాని, ఎంపెగ్-2 పెట్టె కొత్త ప్రసారాన్ని అందుకోలేదు. సంస్థలు కొత్త పద్ధతికి మారేకొద్దీ పాత చందాదారులు పెట్టెలు మార్చుకోవలసి వచ్చింది.

ఇంతకంటే పెద్ద సమస్య, ఒక సంస్థ పెట్టె మరో సంస్థ ప్రసారానికి ఉపయోగపడకపోవడం. కేబుల్ డిజిటలీకరణ రెండో దశ నగరాల జాబితాలో హైదరాబాద్, విశాఖపట్నం ఉన్నాయి. ఆ దశకు 2013 మార్చి 31 గడువుగా పెట్టారు. అప్పటినుంచి ఈ నగరాలలోని కేబుల్ చందాదారులకూ ఈ సమస్య తెలిసివచ్చింది. ఒక ఆపరేటరును వదిలి మరొకరి దగ్గరకు వెళ్తే పెట్టె మళ్లీ కొత్తది కావాలి. ఇలా మారడానికి అయ్యే ఖర్చును మార్పిడి వ్యయం అంటారు. అన్ని సెట్‌టాప్ పెట్టెలూ ఏ సంస్థతోనైనా పనిచేసేలా ఉండాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫారసు చేసింది. సెల్‌ఫోను సిమ్‌ను మార్చినంత సులువుగా టీవీ సంస్థను మార్చలేకపోవడంలో మనం కోల్పోతున్నది బేరమాడే శక్తి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 లోపమున్న వస్తువుకు, తప్పుదారి పట్టించే ప్రకటనకు పరిహారం కోరే అవకాశం ఇస్తుంది. లేని సదుపాయాన్ని ఉన్నట్లు చెప్పి అమ్మితే ఫిర్యాదు చేయవచ్చు. కానీ చెప్పినట్లే పనిచేసే యంత్రం తాలూకు ప్రమాణం మార్కెట్టులో ఓడిపోయిందంటే, అంతమాత్రాన దానిని వస్తువులోని లోపంగా చూపడం కష్టం. అందుచేత ఇక్కడ ముందుజాగ్రత్తే ముఖ్యమైన రక్షణ.

మీ ప్రగతిని తెలుసుకోండి – 2
1. డీవీడీ తొలి కొనుగోలుదార్లకు, హెచ్‌డీ డీవీడీ తొలి కొనుగోలుదార్లకు మధ్య తేడా ఏమిటి?
2. మార్పిడి వ్యయానికి మీ ఇంటినుంచి ఒక ఉదాహరణ ఇవ్వండి.

6.9 ఎదురుచూడడం: లాభం, ఖర్చు

‘నిదానమే ప్రధానం’ అంటారు, ‘ఆలస్యం అమృతం విషం’ అనీ అంటారు. ఏది ఎప్పుడు వర్తిస్తుందో తెలుసుకోవడానికి ఒక ఊహాత్మక లెక్క చూద్దాం.

ఒక కొత్త యంత్రం ధర నేడు రూ. 30,000. దానివల్ల ఏడాదికి రూ. 8,000 విలువైన ప్రయోజనం పొందుతామనుకుందాం. మన లెక్క ఆరేళ్లకు పరిమితం. ఆ పద్ధతి గెలిస్తే ఆరేళ్లూ వాడుకుంటాం. ఓడితే రెండేళ్లే. రెండేళ్లు ఆగితే ఫలితం తేలిపోతుంది, గెలిచిన యంత్రం ధర రూ. 18,000కు తగ్గుతుంది. వడ్డీని లెక్కలోకి తీసుకోవడం లేదు.

నేడే కొంటే: గెలిస్తే ప్రయోజనం రూ. 48,000, ఓడితే రూ. 16,000. గెలుపు, ఓటమి అవకాశాలు సమానమైతే సగటు ప్రయోజనం రూ. 32,000. ధర తీసివేస్తే మిగిలేది రూ. 2,000.

రెండేళ్లు ఆగితే: మిగిలిన నాలుగేళ్ల ప్రయోజనం రూ. 32,000. ధర రూ. 18,000 పోగా మిగిలేది రూ. 14,000.

ఈ పరిస్థితిలో ఆగడమే మేలు. ఆగడం వల్ల రెండేళ్ల ప్రయోజనం, అంటే రూ. 16,000 వదులుకున్నాం. అది ఆగడానికి అవకాశ వ్యయం. అయినా తగ్గిన ధర, తొలగిన అనిశ్చితి దానిని మించాయి.

ఇప్పుడు ఆ పద్ధతి గెలుపు ఖాయమనుకోండి. నేడే కొంటే మిగిలేది రూ. 18,000, ఆగితే రూ. 14,000. ఈసారి కొనడమే మేలు. రెండు మార్గాలూ సమానమయ్యేది గెలుపు అవకాశం 87.5 శాతం ఉన్నప్పుడు. అంటే ఈ లెక్క ప్రకారం ఎనిమిదింట ఏడు వంతుల నమ్మకం కుదిరినప్పుడే ముందుగా కొనడం సమంజసం. మీ సొంత అంకెలు వేసుకుంటే ఈ హద్దు మారుతుంది, లెక్కించే పద్ధతి మారదు.

అయితే అందరూ ఆగితే ఏ కొత్త పద్ధతీ నిలదొక్కుకోలేదు. జోసెఫ్ ఫారెల్, గార్త్ సలోనర్ అనే ఆర్థికవేత్తలు ఈ స్థితిని అధిక జడత్వం అన్నారు. ఎవరో ఒకరు ముందు కొనాలి. ఆ ఖర్చును నష్టంగా కాక సరదాగా భరించగలవారు ఆ పాత్ర పోషించవచ్చు. పిల్లల ఫీజులు, వాయిదాలు చూసుకోవలసిన కుటుంబం ఆ భారం ఎత్తుకోనవసరం లేదు.

6.10 కొనేముందు వేసుకోవలసిన ప్రశ్నలు

1. ఇందులో చూడడానికి, వినడానికి ఏమి దొరుకుతున్నాయి? ‘త్వరలో వస్తాయి’ అన్నవాటిని లెక్కలోకి తీసుకోకండి.
2. ఈ పద్ధతిలో ఎన్ని సంస్థలు యంత్రాలు తయారుచేస్తున్నాయి? ఒక్కటే అయితే దాని నిర్ణయమే మీ వస్తువు ఆయుర్దాయం.
3. నా దగ్గర ఇప్పటికే ఉన్న డిస్కులు, పరికరాలు దీనితో పనిచేస్తాయా?
4. లోపాలను సాఫ్ట్‌వేర్‌తో సవరించవచ్చా, లేక కొత్త విడిభాగం కావాలా?
5. తెర, ధ్వని, ప్రసార పరికరం విడివిడిగా మార్చుకోగలనా? స్మార్ట్ టీవీలోని యాప్‌లు పాతబడినా, తెర బాగుంటే బయటి పరికరాన్ని తగిలించి మరికొన్నేళ్లు వాడవచ్చు.
6. ఈ పద్ధతి రేపే ఆగిపోతే నాకు మిగిలే ఉపయోగం ఏమిటి?

ఆరో ప్రశ్నకు సంతృప్తికరమైన జవాబు ఉంటే, మిగిలినవాటిలో ఒకటి రెండు అనుమానాలున్నా కొనవచ్చు. ఆ జవాబు లేకపోతే, ధర ఎంత తక్కువైనా ఆగడం మంచిది.

6.11 సారాంశం

గృహ వినోద సాధనం విలువ దానిలో మాత్రమే ఉండదు, దానికి అందే పూరక వస్తువులలోనూ, దానిని వాడే ఇతరుల సంఖ్యలోనూ ఉంటుంది. ప్రమాణం స్థిరపడకముందు కొనేవారు యంత్రంతోపాటు ఒక అంచనాను కూడా కొంటున్నారు. బీటామాక్స్, హెచ్‌డీ డీవీడీల విషయంలో ఆ అంచనా తప్పింది. తొలి బ్లూ-రే యంత్రాలు, తొలి 4కే టీవీల విషయంలో అంచనా నిజమైనా వస్తువు అసంపూర్ణంగా మిగిలింది. డీవీడీ విషయంలో ముందే రాజీ కుదిరినందువల్ల వినియోగదారుడు ఆ భారం మోయనవసరం లేకపోయింది. ఆగడానికీ ఖర్చు ఉంది. దానిని అనిశ్చితి వల్ల కలిగే నష్టంతో పోల్చి చూసుకున్నాకే నిర్ణయానికి రావాలి.

6.12 ముఖ్య పదాలు

సాంకేతిక ప్రమాణం: వేర్వేరు సంస్థల వస్తువులు కలిసి పనిచేయడానికి పాటించే ఉమ్మడి నియమాలు.
పాతవాటితో పొందిక: కొత్త పద్ధతి పాత సాధనాలతోనూ పనిచేయగల గుణం.
మార్పిడి వ్యయం: ఒక పద్ధతి లేదా సంస్థ నుంచి మరోదానికి మారడానికి అయ్యే ఖర్చు, శ్రమ.
అధిక జడత్వం: ఇతరులు కొనేదాకా ఆగుదామని అందరూ ఆగిపోవడం వల్ల మంచి కొత్త పద్ధతి కూడా వ్యాపించకపోవడం.

6.13 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ప్రమాణాలు ఏర్పడే విధానాలను ఉదాహరణలతో వివరించండి.
2. హెచ్‌డీ డీవీడీ – బ్లూ-రే పోటీలో వినియోగదారుని నష్టభయాన్ని విశ్లేషించండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సెట్‌టాప్ పెట్టెల మధ్య పొందిక లేకపోవడం వల్ల చందాదారునికి కలిగే నష్టం ఏమిటి?
2. 6.9లోని లెక్కలో రెండేళ్ల తర్వాత ధర రూ. 26,000గానే ఉంటే, గెలుపు అవకాశం ఎంత ఉన్నప్పుడు రెండు మార్గాలూ సమానమవుతాయో కనుక్కోండి.